చర్చిలో ఆర్గన్ వాయించమన్నారు, ఇంట్లో ఎలా నేర్చుకోను?

ప్రశ్న

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 38, ఆసుపత్రిలో నర్సు. వారంలో రెండు మూడు రాత్రి డ్యూటీలు పడతాయి. పుట్టిల్లు రాజమండ్రి దగ్గర, లూథరన్ కుటుంబం. నాన్నగారు సంఘంలో లెగ్ హార్మోనియం వాయించేవారు. ఆయన పక్కన కూర్చుని వింటూ నేర్చుకున్న ఈమె తర్వాత కీబోర్డుకు మారారు, పెళ్లయ్యేదాకా ఆదివారం ఆరాధనలో వాయించింది ఈమే. ఏ పాటైనా రెండుసార్లు వింటే వాయించగలరు. ట్రినిటీ కీబోర్డు పరీక్ష మూడో గ్రేడ్ దాకా రాశారు కానీ నొటేషన్ చదవడం నెమ్మది, బేస్ క్లెఫ్ మరీ నెమ్మది.

ఇప్పుడు వెళ్తున్న ఆంగ్లికన్ చర్చిలో రెండు మాన్యువల్స్ (చేతులతో వాయించే మెట్ల వరసలు), 30 పెడల్స్ (కాళ్లతో వాయించే మెట్లు) ఉన్న పాత పైపు ఆర్గన్ ఉంది. ఎనభై దాటిన ఆర్గనిస్టు ఇక చాలిస్తానన్నారు. అడ్వెంట్ నుంచి, అంటే నవంబరు చివరి నుంచి మీరు వాయిస్తారా అని వికార్‌గారు అడిగితే మొహమాటానికి సరేనన్నారు. చేతిలో ఆరు నెలలు. మూడు పద్ధతి పుస్తకాలు కొన్నారు. "మొదలుపెట్టేవాళ్ల కోసమే" అని ఎవరో వీడియోలో చెబితే జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గన్ రచనల సంపుటి 'ఓర్గెల్‌బ్యూఖ్‌లైన్' కూడా తెప్పించారు. ఒక వీడియోలో మడమ వాడొద్దంటారు, మరోదాంట్లో మడమ లేకుండా ఎలా వాయిస్తారంటారు. కాళ్లు కదిలితే ఎడమ చెయ్యి ఆగిపోతోంది. చర్చిలో అరగంట కూర్చుంటే నడుం పట్టేస్తోంది, ఆ బెంచీ పొడుగాటి పెద్దాయనకు సరిపోయేలా ఉంది. ఇల్లు పై అంతస్తు ఫ్లాట్, ఉన్నది 88 మెట్ల డిజిటల్ పియానో. ఎవరో 13 పెడల్స్ ఉన్న ఇంటి ఆర్గన్ ఉచితంగా ఇస్తామంటున్నారు. భర్త "డబ్బు పెట్టి చేసే సేవ ఏమిటి, ఉన్న నిద్రే చాలడం లేదు నీకు" అంటున్నారు. క్వయర్‌లో ఒక పెద్దావిడ తప్పు పడిన ప్రతిసారీ గట్టిగా నిట్టూరుస్తారు. టీచర్ లేకుండా ఇంట్లో ఇది సాధ్యమేనా, ఏ పుస్తకం పట్టుకోవాలి, ఆ ఉచిత ఆర్గన్ తెచ్చుకోవాలా, లేక తప్పుకుంటానని చెప్పెయ్యాలా అన్నది ప్రశ్న.

సమాధానం

పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరిచ్చిన మాట సంగతి తేలాలి. "అడ్వెంట్ నుంచి వాయిస్తాను" అన్నప్పుడు మీ మనసులో ఉన్నదీ, వికార్‌గారి మనసులో ఉన్నదీ ఒకటి కాకపోవచ్చు. ఒక మామూలు ఆదివారం ఆరాధన అంటే నాలుగైదు పాటలు, ముందు ఒకటి, చివర ఒకటి వాద్య రచనలు, మధ్యలో కొన్ని చోట్ల పాడే ప్రార్థనలు. అవన్నీ పెడల్స్‌తో సహా ఆరు నెలల్లో సిద్ధం చేయడం, మీ చదివే వేగానికి, మీ డ్యూటీలకు కుదరదు. చేతులతో మాత్రమే వాయిస్తే చాలా భాగం కుదురుతుంది. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగుతారన్నది మీరు ఎంచుకోవాలి.

పెడల్స్ ముట్టకుండా వాయించడం నామోషీ ఏమీ కాదు. పియానో నుంచి వచ్చి చర్చిలో ఆర్గన్ ముందు కూర్చున్నవాళ్లు చాలామంది అలాగే నడుపుతారు. నాలుగు స్వరాల్లో (పై నుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్) రాసిన పాటను రెండు చేతులతో పూర్తిగా వాయించవచ్చు. కింద 16 అడుగుల పైపుల, అంటే బాగా మంద్రంగా పలికే పొడుగాటి పైపుల గాంభీర్యం ఉండదు, అంతే. ఇరవై ముప్ఫై మంది పాడే చర్చిలో అది పెద్ద లోటుగా వినిపించదు, క్రిస్మస్‌కు చర్చి నిండినప్పుడు మాత్రం తెలుస్తుంది. అసలు నష్టం మరోచోట ఉంది. ఒక బాణీని చేతులతో బాగా స్థిరపరచుకుంటే, తర్వాత దానికి పెడల్స్ చేర్చడం కొత్త బాణీ నేర్చుకోవడం కంటే కష్టం. ఎడమ చేతి చిటికెన వేలు బేస్‌ను వదలదు.

అందుకే పూర్తిగా చేతులతో, లేదా పూర్తిగా కాళ్లతో సహా అని కాకుండా, బాణీలను విడగొట్టుకోవడం మేలనిపిస్తుంది. ఆరు నెలలకు పన్నెండు బాణీలు అనుకోండి. పది చేతులతోనే. మిగిలిన రెండింటిని మొదటి రోజు నుంచే పెడల్స్‌తో నేర్చుకోండి, ఒక్కసారి కూడా చేతులతో మాత్రమే వాయించొద్దు.

పన్నెండు బాణీలు తక్కువేమీ కావు. మీ చర్చి పాటల పుస్తకం చివర ఛందస్సు పట్టిక ఉంటుంది. 8.6.8.6, 8.8.8.8, 8.7.8.7 అని అంకెలుంటాయి, పాదానికి ఎన్ని అక్షరాలు పలుకుతాయో ఆ లెక్క. ఒకే లెక్క ఉన్న పాటల్ని సాధారణంగా ఒకే బాణీలో పాడొచ్చు, ఒత్తులు సరిపోతున్నాయో లేదో మొదటి చరణం పాడి చూసుకుంటే చాలు. 8.6.8.6లో రెండు బాణీలు, 8.7.8.7లో రెండు మీకు బాగా వస్తే డజన్ల కొద్దీ పాటలు మీ చేతికొచ్చినట్టే. పాటల ఎంపిక ముందు మీ జాబితా నుంచి చెయ్యమని వికార్‌గారిని అడగొచ్చు. చిక్కేమిటంటే, జనానికి ప్రాణంగా అలవాటైన పాటను వేరే బాణీలో పెడితే ఒప్పుకోరు. క్రిస్మస్ పాటల జోలికి మాత్రం ఈ కిటుకుతో వెళ్లకండి, వాటి సొంత బాణీలనే మీ పన్నెండులో నాలుగుగా చేర్చుకోండి.

ఇక కాళ్లు కదిలితే ఎడమ చెయ్యి ఆగిపోవడం గురించి. మీ ఉత్తరంలో దీన్ని మీ చేతకానితనంగా రాశారు. కీబోర్డు మీద ఇన్నేళ్లూ ఎడమ చేతి పని కార్డ్ పట్టుకోవడం, బేస్‌తో పాట అడుగు నిలబెట్టడం. చాలాసార్లు స్టైల్ బటన్ (తాళాన్ని తనంతట తానే వాయించేది) మిగతాది చూసుకుంది. ఆర్గన్ మీద పాట అమరిక వేరు: కుడి చేతికి పై రెండు స్వరాలు, ఎడమ చేతికి టెనర్ ఒక్కటే, బేస్ కాళ్లది. కాలు బేస్ అందుకోగానే చెయ్యి కూడా అదే స్వరానికి పరిగెడుతుంది, లేకపోతే ఎటూ తోచక నిలిచిపోతుంది. కీబోర్డు నుంచి వచ్చిన ప్రతివాళ్లకూ ఉండే ఇబ్బంది ఇది. దీనికి మందు క్రమంలో ఉంది.

జి లేదా ఎఫ్ మేజర్‌లో ఉన్న, బేస్ ఎక్కువగా పక్కపక్క స్వరాల మీద నడిచే బాణీని ఎంచుకోండి. పెన్సిల్‌తో ప్రతి బేస్ స్వరానికీ ఏ కాలో గుర్తు పెట్టండి. స్టాఫ్ (నొటేషన్ ఐదు గీతలు) పైన రాస్తే కుడి కాలు, కింద రాస్తే ఎడమ కాలు. గూడు గుర్తు (^) కాలి వేళ్లకు, గిన్నె గుర్తు (U) మడమకు. ఈ రాత లేకుండా మొదలుపెడితే రోజుకో కాలు పడుతుంది, కాళ్లకు ఏ అలవాటూ స్థిరపడదు. ముందు కాళ్లు మాత్రమే, అసలు వేగంలో సగానికి. తర్వాత టెనర్ ఒక్కటే ఎడమ చేత్తో, గొంతు కలిపి పాడుతూ. మీ చెవి గట్టిదని మీరే అన్నారు కాబట్టి దాన్ని ఇక్కడ వాడండి: టెనర్‌ను విడిగా ఒక పాటలా పాడగలిగితే చెయ్యి దాన్ని వదిలి బేస్ వెంట పోదు. మూడో మెట్టు, టెనర్ ప్లస్ కాళ్లు. సగం సమయం దీనికే ఇవ్వండి. పాటలో ఒక్క పాదం, అంటే నాలుగు బార్లు తీసుకుని తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వచ్చాకే తర్వాతి పాదం. కుడి చెయ్యి ప్లస్ కాళ్లు ఆశ్చర్యపోయేంత తేలిగ్గా వస్తాయి. అన్నీ కలపడం ఆఖరున. పాదం ముగింపు స్వరాన్నీ తర్వాతి పాదం మొదటి స్వరాన్నీ కలిపి విడిగా సాధన చేయండి, సభలో పాట తెగేది సరిగ్గా అక్కడే.

మీకు పియానో అలవాటు ఇంకో రెండు చోట్ల అడ్డొస్తుంది. ఆర్గన్‌లో మెట్టు వదలగానే స్వరం తెగిపోతుంది, సస్టెయిన్ పెడల్ ఆదుకోదు. కాబట్టి స్వరం పట్టుకుని ఉండగానే అదే మెట్టు మీద వేలు మార్చడం నేర్చుకోవాలి, మూడో వేలితో నొక్కి, వదలకుండా ఐదో వేలిని దాని చోటికి జార్చడం. రెండోది, ఒకే స్వరం రెండుసార్లు వస్తే మధ్యలో కచ్చితమైన మౌనం ఉండాలి. పై స్వరంలో మొదటిదాన్ని సగానికి కోసి మళ్లీ నొక్కండి. లోపలి స్వరాల్లో అలా వచ్చినవాటిని చాలాచోట్ల కలిపి పట్టుకోవచ్చు. పై స్వరంలో ఈ తెంపు లేకపోతే బాణీ జనానికి అర్థం కాదు.

ఇంట్లో దీనికి ఏం కావాలి? చేతుల పనికి మీ డిజిటల్ పియానో చాలు. ఆర్గన్ టోన్ పెట్టండి, టచ్ సెన్సిటివిటీ ఆపెయ్యండి, సస్టెయిన్ పెడల్ వైరు పీకి పక్కన పెట్టండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే రాత్రి డ్యూటీ లేని రోజు పదకొండింటికైనా వాయించుకోవచ్చు.

ఆ ఉచిత ఆర్గన్ వద్దు. అలాంటి ఇంటి ఆర్గన్లలో 13 పొట్టి పెడల్స్ ఉంటాయి, వాటిని ఎడమ కాలి ఒక్కదానితో తొక్కేలా చేశారు, కుడి కాలు ఎప్పుడూ శబ్దం పెంచే పెడల్ మీదే ఉంటుంది. మీ చర్చిలో 30 పొడవాటి పెడల్స్ రెండు కాళ్లకూ పంచి ఉన్నాయి. ఇంట్లో అలవాటైన దూరం అక్కడ తప్పవుతుంది, కుడి కాలు పని మానేస్తుంది. మాన్యువల్స్ కూడా ఇలాంటివాటిలో తరచు 44 మెట్లే, పైది ఒక పక్కకు, కిందిది ఒక పక్కకు జరిగి ఉంటాయి. ఉచితంగా ఇస్తున్నవాళ్లకు దాన్ని వదిలించుకోవడం అవసరం. రేపు మీకూ అదే అవసరం పడుతుంది, మేడ మెట్ల మీదుగా కిందికి దింపేవాళ్లు దొరకరు.

పెడల్స్‌కు మూడు దారులున్నాయి. మొదటిది ఖర్చు లేనిది: చర్చిలోనే వారానికి రెండుసార్లు, గంట చొప్పున. రెండు బాణీల పెడల్ పనికి అది సరిపోతుంది. తాళం చెవి, చలికాలంలో హీటర్, చర్చిలో ఒంటరిగా ఉండే విషయంలో వాళ్ల నిబంధనలు ముందే అడగండి. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వెళ్లొద్దు, నిద్రమత్తులో నేర్చుకున్న తప్పు అడుగు మర్నాడు కూడా అలాగే పడుతుంది.

రెండోది, వాడిన 30 పెడల్ బోర్డు ఒకటి కొని, లాప్‌టాప్‌లో గ్రాండ్‌ఆర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలపడం. నిజమైన పైపు ఆర్గన్ల నుంచి రికార్డు చేసిన స్వరాల సెట్లు కొన్ని ఉచితంగానే దొరుకుతాయి, చిన్న సెట్‌కు 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది మిడి అవుట్ (కంప్యూటర్‌కు సంకేతాలు పంపే రంధ్రం) ఉందా అని. లేకపోతే కింద సర్క్యూట్ అమర్చుకోవాలి, టంకం వేయడం రానివాళ్లకు అది తలనొప్పి. రెండో చిక్కు ఆలస్యం. విండోస్ మామూలు సౌండ్ డ్రైవర్‌తో మెట్టు నొక్కాక స్వరం వెనకబడి వస్తుంది, వాయించేవాళ్లు తెలియకుండానే ముందుకు తోసేస్తారు. ఆలస్యాన్ని తగ్గించే ఏషియో అనే సౌండ్ డ్రైవర్ పెట్టుకుని, బఫర్ 256 శాంపిళ్లకు తగ్గించండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 5 మిల్లీసెకన్లు. అదే బఫర్ 1024 ఉంటే 21 మిల్లీసెకన్లు, అప్పుడే తేడా కాళ్లకు తెలియడం మొదలవుతుంది. మూడో చిక్కు కింది ఇంటివాళ్లు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా పెడల్ చెక్క కొట్టుకునే చప్పుడు కింది ఇంటి పైకప్పులోకి దిగుతుంది. మందపాటి రబ్బరు పరుపు వేస్తే తగ్గుతుంది, పోదు.

మూడోది, రెండు మాన్యువల్స్, పూర్తి పెడల్స్ ఉన్న వాడిన డిజిటల్ చర్చి ఆర్గన్. సాధనకు ఇదే అన్నిటికంటే హాయి. బరువు వంద కిలోలకు పైనే, మలుపు తిరిగే మెట్ల మీదుగా పై అంతస్తుకు ఎక్కదు. కింది అంతస్తు ఇంటికి మారితేనే ఆలోచించండి. అప్పుడు కొనేముందు ఒక్కో స్టాప్ (ఒక రకం నాదాన్ని పలికించే మీట) విడిగా తీసి, ప్రతి మెట్టూ ప్రతి పెడలూ నెమ్మదిగా, బలం లేకుండా నొక్కి చూడండి. గట్టిగా నొక్కితేనే పలికే మెట్టు, తెగితెగి పలికే పెడల్ ఉంటే కాంటాక్టులకు దుమ్ము పట్టిందన్నమాట. అది శుభ్రం చేస్తే పోవచ్చు. ఒక స్టాప్ మొత్తం మూగగా ఉంటే బోర్డు పోయుండొచ్చు, ఆ తయారీదారు విడిభాగాలు ఇంకా ఇస్తున్నారో లేదో కనుక్కోకుండా డబ్బు ఇవ్వకండి. స్వెల్ పెడల్, అంటే శబ్దం పెంచే పెడల్ తొక్కుతున్నప్పుడు గరగర వినిపిస్తే చిన్న సమస్యే. హెడ్‌ఫోన్ రంధ్రం పనిచేస్తుందో చూడడం చాలామంది మర్చిపోతారు.

ఈ ఆరు నెలలకు మొదటి దారి చాలనే నా అభిప్రాయం. ఒక చలికాలం గడిచాక, ఈ పని మీకు నచ్చుతోందో లేదో తెలిశాక, రెండోదో మూడోదో. "డబ్బు పెట్టి చేసే సేవ ఏమిటి" అన్న మీ వారి మాటకు ఇదే జవాబు: ఇప్పటికి ఖర్చు ఒక జత బూట్లు, నెలకొక పాఠం. నిద్ర గురించి ఆయన అన్నది మాత్రం కొట్టిపారేయకండి. ఏ వారం ఏ రోజు చర్చికి వెళ్తారో డ్యూటీల పట్టిక వచ్చిన రోజే ఇద్దరూ కూర్చుని రాసుకోండి.

బూట్లు చిన్న విషయంలా ఉంటుంది కానీ కాళ్ల పనిలో సగం అక్కడే తేలుతుంది. ట్రెయినర్లు వేసుకుంటే అడుగు మందం వల్ల పెడల్ అంచు తెలియదు, రబ్బరు అతుక్కుపోయి కాలు జారదు. సాక్సులతో మడమ ఎత్తు రాదు. పల్చని తోలు లేదా స్వెడ్ అడుగు, సుమారు 3 సెంటీమీటర్ల మడమ ఉన్నవి కావాలి. ఆర్గన్ బూట్లనే కొనక్కర్లేదు, రంగస్థల నృత్యానికి వాడే ఆడవాళ్ల బూట్లు సరిగ్గా పనికొస్తాయి. బయట వేసుకుని తిరగొద్దు, అడుగున పట్టిన ఇసుక పెడల్స్‌ను గీరుతుంది.

మీ నడుం నొప్పికి కారణం బెంచీయే అనిపిస్తోంది. ఎత్తు ఎక్కువైతే పెడల్ అందడానికి ముందుకు జారతారు, బరువంతా నడుం మోస్తుంది. చాలా చర్చిల్లో బెంచీ కింద చెక్క దిమ్మెలు వేసి ఎత్తు పెంచుతారు, అవి ఉంటే తీసెయ్యొచ్చేమో అడగండి. కూర్చున్నప్పుడు పాదాలు పెడల్స్ మీద నొక్కకుండా తేలికగా ఆనాలి, తొడలు కొంచెం కిందికి వాలి ఉండాలి. ప్రతిసారీ మాన్యువల్ నడిమి డి ముందు కూర్చోండి. రోజుకో చోట కూర్చుంటే కాళ్లకు దూరాలు ఎప్పటికీ అందవు. పెడల్ కోసం కిందికి చూడడం మానాలంటే నల్ల పెడల్స్ మధ్య ఉన్న వెడల్పు సందుల్ని పాదం అంచుతో తడమడం నేర్చుకోండి. బి-సి మధ్య, ఇ-ఎఫ్ మధ్య నల్ల పెడల్ లేదు కాబట్టి ఆ ఖాళీలు చీకట్లోనైనా దొరుకుతాయి. కదలాల్సింది చీలమండ, తొడ మొత్తం కాదు.

ఇప్పుడు పుస్తకాలు, వీడియోలు. మడమ వాడాలా వద్దా అన్న గొడవలో ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరూ వేర్వేరు సంగీతాల గురించి చెబుతున్నారు. బాఖ్ కాలపు సంగీతాన్ని ఆనాటి తీరులో వాయించేవాళ్లు ఎక్కువగా కాలి వేళ్లతోనే, స్వరానికీ స్వరానికీ మధ్య సన్నని ఎడం ఉంచి వాయిస్తారు. 19వ శతాబ్దం నుంచి వచ్చిన పద్ధతిలో స్వరాలు ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోవాలి, అందుకు మడమ కావాలి. మీ మూడు పుస్తకాల్లో ఒకటి మొదటి బడిది, మరొకటి పాత అమెరికన్ పద్ధతి, మూడోది ఈమధ్య ఇంగ్లండ్‌లో చర్చి ఆర్గనిస్టుల కోసం వచ్చింది. మూడోదాన్ని ఉంచుకుని మిగతా రెండూ ఒక ఏడాది అటక మీద పెట్టండి. మొదటి రెండు నెలలు వేళ్లతోనే తొక్కండి, మడమ తర్వాత చేర్చండి. వేళ్లు కుదరకముందే మడమ వస్తే పాదం పడుకుండిపోతుంది.

'ఓర్గెల్‌బ్యూఖ్‌లైన్' ముఖపత్రం మీద మొదలుపెట్టే ఆర్గనిస్టుకు పాఠమని, పెడల్ సాధన కోసమని బాఖ్ స్వయంగా రాసుకున్న మాట నిజమే. వీడియోలో చెప్పినాయన అక్కడిదాకా చదివి ఆగినట్టున్నారు. ఎక్కువభాగం వైమార్‌లో ఉన్న కాలంలో రాసినది, 164 కోరల్స్ (లూథరన్ సంఘ కీర్తనలు)‌కు ప్రణాళిక వేసి 46 దగ్గర ఆగింది. ఆయన దృష్టిలో మొదలుపెట్టేవాడంటే చిన్నప్పటి నుంచీ కీబోర్డు మీదే పెరిగిన పిల్లవాడు. అందులో బి.డబ్ల్యు.వి. (బాఖ్ రచనల జాబితా సంఖ్య) 639 ఒక్కటి మూడు స్వరాలతో నెమ్మదిగా నడుస్తుంది, రెండో ఏడాదికి దాచుకోండి. దానికంటే ముందు, బాఖ్ పేరు మీద ప్రచారంలో ఉన్న ఎనిమిది చిన్న ప్రెల్యూడ్లు-ఫ్యూగులు, 553 నుంచి 560 వరకు, పెడల్‌కు మంచి పాఠాలు. అవి నిజంగా ఆయనవేనా అన్న సందేహం పండితులకు ఉంది, మీ కాళ్లకు దానితో పని లేదు.

ఆరాధనకు ముందూ వెనకా వాయించడానికి ఇప్పుడే పనికొచ్చేది వేరే ఉంది. సెజార్ ఫ్రాంక్ చివరి రోజుల్లో, 1889–90లో, హార్మోనియం కోసం రాసిన 'లోర్గనిస్ట్'. ఆ ఫ్రెంచ్ హార్మోనియం మీ నాన్నగారి లెగ్ హార్మోనియం కుటుంబానిదే, కాళ్లు గాలి కొట్టడానికే. పెడల్ స్వరాలు లేవు. ఒక్కో శ్రుతికి ఏడేసి చిన్న రచనలుగా పేర్చారు, చాలావాటిని నెలలో ఒకటి రెండు నేర్చుకోవచ్చు. పాఖెల్‌బెల్ మాగ్నిఫికాట్ ఫ్యూగుల్లో ఎక్కువ భాగం కూడా చేతులతో వాయించేవే. ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే నొటేషన్ల వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఒకటి గమనించండి: అక్కడి పాత ముద్రణల్లో సంపాదకులు తమకు తోచిన స్లర్లు, వేళ్ల అంకెలు చేర్చారు, అవి స్వరకర్త రాసినవి కాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో కాపీరైట్ రచయిత చనిపోయాక 70 ఏళ్లు ఉంటుంది కాబట్టి చర్చి పుస్తకంలోని కొత్త పాటల్ని జిరాక్స్ తీసేముందు చర్చికి లైసెన్సు ఉందో లేదో అడగండి.

టీచర్ లేకుండా సాధ్యమా అంటే, చేతులకు సాధ్యం, కాళ్లకు కష్టం. తప్పు కాలు పడినా సరైన స్వరమే పలకొచ్చు, చెవి పట్టుకోలేదు, పక్క నుంచి చూసే కన్ను కావాలి. నెలకొక పాఠం చాలు. 1864లో మొదలైన రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ దగ్గర గుర్తింపు పొందిన టీచర్ల వివరాలు, సభ్యులకు ఆన్‌లైన్ పాఠాలు ఉంటాయి. 1927లో సిడ్నీ నికల్సన్ స్థాపించిన సంస్థే నేటి రాయల్ స్కూల్ ఆఫ్ చర్చ్ మ్యూజిక్, పరీక్షల కంటే ఆదివారం ఆరాధన నడపడం మీద దాని దృష్టి ఎక్కువ, మీ అవసరానికి అదే దగ్గర. వీటికంటే ముందు మీ ప్రాంతపు ఆర్గనిస్టుల సంఘానికీ, డయోసీస్ (బిషప్‌గారి పరిధి) ఆఫీసుకూ ఒక్కో ఈమెయిల్ రాయండి. కొత్తగా నేర్చుకునేవాళ్ల పాఠాలకు కొంత సాయం ఇచ్చే సంఘాలు ఉన్నాయి, అడిగినవాళ్లకే అవి తెలుస్తాయి. జూమ్‌లో పాఠమైతే 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి. లేకపోతే సాగే ఆర్గన్ స్వరాన్ని అది ఫ్యాను చప్పుడనుకుని తుడిచేస్తుంది, టీచర్‌కు పాట ముక్కలుగా వినిపిస్తుంది. పాఠానికి ముందు పక్క నుంచి మోకాళ్లు, మడమలు కనబడేలా రెండు నిమిషాల వీడియో పంపితే పాఠంలో పావుగంట మిగులుతుంది.

సభ మీ ముందున్నప్పుడు ఒకటే నియమం: వెనక్కి వెళ్లి తప్పు దిద్దొద్దు. చెయ్యి దాటిపోతుంటే మొదట పెడల్స్ వదిలెయ్యండి, తర్వాత టెనర్, తర్వాత ఆల్టో. పై స్వరం మాత్రం ఆగకూడదు. ఇక్కడ స్టైల్ బటన్ లేదు, లయ మీదే. పాటకు ముందు వాయించే మొదటి పాదం ఏ వేగంలో ఉంటే జనం ఆ వేగంలోనే పాడతారు. వాళ్ల గొంతు మీకు కొంచెం ఆలస్యంగా వినిపిస్తుంది. దాని కోసం ఆగితే వాళ్లూ ఆగుతారు, చివరి చరణానికి పాట ఈడ్చుకుపోతుంది. పాదం చివర మీరూ ఊపిరి తీయండి. కీబోర్డు మీద ఏళ్ల తరబడి సంఘాన్ని నడిపిన మీకు ఈ విషయంలో కొత్తగా నేర్పాల్సింది తక్కువే.

స్టాపులకు మొదట మూడు కలయికలు కాగితం మీద రాసుకుంటే చాలు: గ్రేట్ (ప్రధాన మాన్యువల్) మీద 8, 4 అడుగుల ప్రిన్సిపల్స్ (ఆర్గన్ మూల నాదమిచ్చే స్టాపులు), చివరి చరణానికి దానికి 2 అడుగులది చేర్చి, నెమ్మది పాటకు స్వెల్ (రెండో మాన్యువల్) మీద 8 అడుగుల ఫ్లూట్. అడుగుల అంకె తగ్గేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. పెడల్స్‌తో వాయించే రెండు బాణీలకు 'గ్రేట్ టు పెడల్' కప్లర్ (గ్రేట్ స్వరాల్ని పెడల్స్‌కు కలిపే మీట) లాగండి, లేకపోతే కాళ్లు ఒట్టి గొణుగుడులా వినిపిస్తాయి. రీడ్ స్టాపుల్ని (లోహపు నాలుకతో పలికే పైపులవి) చలికాలంలో ముట్టకండి. చలికి మామూలు పైపుల శ్రుతి డిగ్రీకి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) దిగుతుంది, రీడ్లు పెద్దగా కదలవు, రెండూ కలిస్తే అపశ్రుతి వస్తుంది. అది మీ తప్పనుకుని క్వయర్‌లోని పెద్దావిడ నిట్టూర్చినా పట్టించుకోకండి. ఆవిడ మాట పడకుండా ఉండాలంటే, ఒక ప్రాక్టీసు రోజు వేగం ఎలా ఉందో ఆవిడనే అడిగి చూడండి. పని ఇస్తే నిట్టూర్పులు తగ్గే మనుషులుంటారు. ఆవిడ అలాంటివారో కాదో మీకే తెలుస్తుంది.

డబ్బు విషయం. ఇంగ్లండ్‌లో ఆర్గనిస్టుకు పారితోషికం ఇవ్వడం మామూలు, పెళ్లిళ్లకు, అంత్యక్రియలకు విడిగా. ఉచితంగా చేస్తారా, తీసుకుంటారా అన్నది మీ ఇష్టం. ఉచితంగా మొదలుపెడితే తర్వాత అడగడం కష్టం. మీది స్కిల్డ్ వర్కర్ వీసా అయితే ఒక్క పౌండు తీసుకునే ముందు కూడా రెండో ఉద్యోగం నిబంధనలు చూసుకోండి. అంత్యక్రియలు వారం మధ్యలో, మీ డ్యూటీ వేళల్లో వస్తాయి. వాటికి రాలేనని ఇప్పుడే చెప్పడం మేలు.

పూర్తిగా తప్పుకోవడం కూడా ఒక దారే, అందులో అవమానం లేదు. అప్పుడు చర్చి ఇంకెవరినో వెతుక్కుంటుంది, లేదా రికార్డు చేసిన సంగీతంతో నడుపుతుంది. కానీ చెప్పేదేదో ఈ నెలలోనే చెప్పాలి, నవంబరులో చెబితే వాళ్లకు వేరే దారి ఉండదు. కొనసాగుతానంటే వికార్‌గారికి నాలుగు మాటలు రాసి పంపండి: "అడ్వెంట్ నుంచి నెలకు రెండు ఆదివారాలు వాయించగలను. మొదటి ఏడాది చాలా పాటలు చేతులతోనే వాయిస్తాను. పాటలు నా జాబితా నుంచి పది రోజుల ముందు చెప్పండి. వారానికి రెండు గంటలు ఆర్గన్ దగ్గర సాధనకు తాళం చెవి కావాలి. పాత ఆర్గనిస్టుగారు మిగతా ఆదివారాలు ఈస్టర్ దాకా చూడగలరేమో అడిగి చెప్పండి." ఆఖరి వాక్యానికి ఆయన ఒప్పుకుంటే మీ ఆరు నెలలు దాదాపు పది నెలలవుతాయి.

అదే ఉత్తరంలో ఆర్గన్ శ్రుతి చేసేవారి ఫోన్ నంబరు కూడా అడగండి. పాత ఆర్గన్లలో ఒక్కోసారి ఒక స్వరం వదలకుండా మోగుతూనే ఉంటుంది, సైఫర్ అంటారు. అలా జరిగితే స్టాపులు ఒక్కొక్కటే లోపలికి నెట్టి ఏది మోగుతోందో కనుక్కోండి, ఆ స్టాప్ లేకుండా ఆరాధన పూర్తి చేయండి, తర్వాత ఆయనకు ఫోన్ చేయండి. లోపల చెయ్యి పెట్టొద్దు.